ఏఎమ్5 బోర్డు ఇప్పుడు కొంటే రాబోయే రైజెన్ దాని మీద నడుస్తుందా?

బెజవాడ_కుర్రాడు:
అన్నలూ, ఒక సందేహం. ఆరో తరం ఇంటెల్ పీసీ పక్కన పెట్టి కొత్తది కట్టుకుంటున్నా. రైజెన్ 5 7600, బీ650 బోర్డు అనుకున్నా. ఆ బోర్డు సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటు, ఏఎమ్5. మా అన్నయ్యేమో "12వ తరం ఐ5 తీసుకో, డీడీఆర్4 బోర్డు వెయ్యి, ఉన్న ర్యామ్ పనికొస్తుంది, సాకెట్ గోల నీకెందుకు" అంటున్నాడు. ఏఎమ్5ని 2027 దాకా, ఆ పైన కూడా నడుపుతామని ఏఎమ్‌డీ చెప్పింది. ఆ మాట నమ్మి డబ్బులు ఎక్కువ పెట్టొచ్చా?

పాత_బోర్డు:
పెట్టొచ్చు తమ్ముడూ. నేను 2017లో బీ350 బోర్డు (ఏఎమ్5కి ముందున్న ఏఎమ్4 సాకెట్) మీద రైజెన్ 5 1600 వేసుకున్నా. 2022లో అదే బోర్డుకి బయోస్ (బోర్డు ఆన్ అవ్వగానే నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి రైజెన్ 5600 పెట్టా. ర్యామ్ అదే, క్యాబినెట్ అదే, విండోస్ కూడా మళ్లీ ఎక్కించలేదు. ఐదేళ్ల తర్వాత ఒక్క ప్రాసెసర్ డబ్బుతో పీసీ మొత్తం కొత్తదైనట్టయింది. మీ అన్నయ్య చెప్పిన 12వ తరం బోర్డు సాకెట్ ఎల్‌జీఏ1700, దాని కథ 14వ తరంతో ముగిసింది. 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200కి సాకెట్ 1851. ఆ బోర్డు కొంటే ఎదగడానికి చోటు తక్కువ.

మాట_ముఖ్యం:
అన్నా, మీ అనుభవం నిజమే. కానీ మధ్యలో ఏం జరిగిందో కూడా తమ్ముడికి చెప్పాలి. 2020 మేలో ఏఎమ్‌డీ జెన్ 3 చిప్పులు (మీ 5600 లాంటివి) 500 సిరీస్ బోర్డుల (బీ550 లాంటివి) మీదే నడుస్తాయంది. బయోస్ చిప్పులో చోటు చాలదన్నారు. అప్పటికి బీ450 కొన్నవాళ్లంతా గగ్గోలు పెడితే రెండు వారాల్లో వెనక్కి తగ్గింది. మీ బీ350కి అధికారికంగా దారి దొరికింది 2022లో. అంటే కొనేవాళ్లు పోట్లాడబట్టి వచ్చింది, ఊరికే ఇచ్చింది కాదు.

థ్రెడ్‌రిప్పర్ (ఏఎమ్‌డీ ఖరీదైన పెద్ద చిప్పులు) కొన్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మొదటి రెండు తరాల ఎక్స్399 బోర్డు సాకెట్‌లో 4094 కాంటాక్టులు. 2019 నవంబరులో వచ్చిన మూడో తరానికీ అన్నే. అయినా పాత బోర్డు మీద నడవదు. ఇంటెల్‌దీ ఇదే దారి. 2017 జనవరిలో జెడ్270 బోర్డు కొన్నవాడికి, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 8వ తరం చిప్పు అదే 1151 సాకెట్‌లో కూర్చున్నా అధికారికంగా నడవలేదు. సాకెట్‌లో పట్టడం వేరు, నడవడం వేరు.

ఇంకో మాట. "సపోర్టు" అంటే కొత్త ఆర్కిటెక్చర్ (చిప్పు లోపలి డిజైన్) అని ఎవరూ హామీ ఇవ్వలేదు. 2024లో కూడా ఏఎమ్4కి 5700ఎక్స్3డీ వచ్చింది, అది జెన్ 3యే. జెన్ 4 ఏఎమ్4కి రాలేదు. 2027 అన్న మాటని కూడా అలాగే చదవాలి.

సర్వీస్_బెంచ్:
నేను పదేళ్లుగా సికింద్రాబాద్‌లో పీసీలు బిగిస్తున్నా. మీరు సాకెట్ గురించే మాట్లాడుతున్నారు, నా టేబుల్ మీదకొచ్చే ఇబ్బందులు వేరే. ఒకటి బయోస్. కొత్త చిప్పు, పాత స్టాక్ బోర్డు, డిస్‌ప్లే రాదు. ఒకసారి ఒక కాలేజీ అబ్బాయి బీ450 బోర్డు, రైజెన్ 3600 చిప్పు పట్టుకొచ్చాడు. అమ్మిన షాపువాళ్లు "చిప్పు చెడిపోయింది" అని పంపేశారట. నా దగ్గరున్న పాత రైజెన్ పెట్టి బయోస్ ఎక్కించాను, అంతే. అందుకే ప్రాసెసర్ లేకుండా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించుకునే బటన్ ఉన్న బోర్డే కొనమంటాను. దానికి కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

రెండోది వీఆర్‌ఎమ్, అంటే బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం. దాని మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) కూడా లేని చవక ఏఎమ్5 బోర్డులు, ఏ620 లాంటివి, ప్రధానంగా 65 వాట్ల చిప్పుల కోసం. రేపు 16 కోర్లది పెడితే సాకెట్‌లో కూర్చుంటుంది, వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. అప్‌గ్రేడ్ కోసమని చవక ఏఎమ్5 బోర్డు కొనడంలో అర్థం లేదు.

పాత_బోర్డు:
బటన్ సంగతి ఒప్పుకుంటా, నా బోర్డుకి అది లేక కంగారు పడ్డాను. పాత బయోస్‌కి వెనక్కి వెళ్లొద్దని హెచ్చరిక కూడా ఉంది. కానీ మాట_ముఖ్యం గారూ, ఏఎమ్5 మీద ఇప్పటికే రైజెన్ 7000, 9000 సిరీస్‌లు రెండూ నడుస్తున్నాయి. 2022లో కొన్న బోర్డు మీద 2024 ఆగస్టులో వచ్చిన 9000 పెట్టుకున్నారు. అంటే ఇంకేమీ రాకపోయినా, రెండు మూడేళ్ల తర్వాత 9800ఎక్స్3డీ (9000 సిరీస్‌లో గేమింగ్ చిప్పు) సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. తమ్ముడికి అది చాలదా?

మాట_ముఖ్యం:
ఆ లెక్కన అయితే నాకూ సమ్మతమే. వచ్చేదాని కోసం కాకుండా ఇప్పటికే వచ్చినదాని కోసం బోర్డు కొనాలి.

బెజవాడ_కుర్రాడు:
అందరికీ థాంక్స్. చవకని మనసులో ఉన్న ఏ620 ఆలోచన కూడా మానేశా. బటన్ ఉన్న బీ650 చూస్తున్నా. ఈ బోర్డుకి డీడీఆర్5 ర్యామ్ కొత్తగా కొనాలి కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ఆర్నెల్లు వాయిదా వెయ్యాల్సి వస్తుంది, 7600లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో అప్పటిదాకా నెట్టుకొస్తా. సర్వీస్_బెంచ్ అన్నా, బోర్డు బాక్సు తెరవకుండా లోపల ఏ బయోస్ ఉందో తెలుసుకునే వీలుందా?

సర్వీస్_బెంచ్:
కొన్ని బోర్డుల బాక్సు మీద "రైజెన్ 9000 రెడీ" అని స్టిక్కర్ ఉంటుంది, అది చూసుకో. నువ్వు పెట్టేది 7600 కదా, ఏ బీ650 అయినా మొదటి రోజే లేస్తుంది. బిగించాక మాత్రం బయోస్ అప్‌డేట్ చెయ్యి, చేసేటప్పుడు యూపీఎస్ మీద పెట్టు. కరెంటు పోతే కష్టం.