ఫాంట్ మారిస్తే ప్రోగ్రాం మూతపడతా ఉంది, తప్పు ఫాంట్‌దా సాఫ్ట్‌వేర్‌దా?

నెల్లూరు డీటీపీ:
రొట్టెల పండగ కరపత్రం చేస్తా ఉండాను, మేటర్ మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చేసరికి స్క్రీన్ తెల్లగా అయిపోయి ప్రోగ్రాం మూసుకుపోయింది, మళ్ళీ తెరిచి మార్చినా అదే వరస. పార్టీ వచ్చి ఎదురుగా కూర్చోనుండాడు. ప్రోగ్రాం కంపెనీకి ఫోన్ చేస్తే ఆ ఫాంట్ బాగలేదు తీసేయండి అని చేతులు దులిపేసుకున్నారు. ఫాంట్ పనికిరాకపోతే ఆ మాట చెప్పి ఇంకో ఫాంట్‌లో చూపించాల గానీ చేసిన పనంతా పోగొడితే ఎట్టా? మీరేమంటారు?

కావలి శుభలేఖలు:
అన్నా, నేను మాత్రం ఫాంట్‌నే అనుమానిస్తా. మన షాపుల్లోకి ఫాంట్లు యాడ్నించి వస్తాయో నీకు తెలీందా, పెన్‌డ్రైవుల్లో చేతులు మారి మారి, ఒకే పేరుతో రెండు మూడు కాపీలు, సగమే కాపీ అయిన ఫైళ్ళు. ఫాంటంటే ఉత్త బొమ్మలు కాదు గదా, ఒత్తు యాడ కూర్చోవాల, గుణింతం ఎట్టా కలవాల అని చెప్పే పట్టికలు ఉంటాయి లోపల, అవి చెడిపోతే ఏ ప్రోగ్రామైనా తికమక పడద్ది.

నెల్లూరు డీటీపీ:
తికమక పడనీ తమ్ముడూ, మూతపడొద్దు అంటుండా. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల సంగతి గుర్తుందా? జ్ఞా అక్షరం మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పడితే చాలు, మెసేజ్ యాప్‌లు ఠపీమని మూసుకుపోయినాయి. ఆడ పెన్‌డ్రైవ్ ఫాంట్ ఏముంది, ఫోనూ ఆపిల్ వాళ్ళదే ఫాంటూ వాళ్ళదే, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసిందీ వాళ్ళే. మన అక్షరాలతో సరిగ్గా పరీక్ష చేయకుండా వదిలితే ఇట్టానే ఉంటది, ఆ కోపం నాకు ఇప్పటికీ పోలా. విండోస్‌లోనూ 2015 జులైలో ఫాంట్ ఫైల్ అడ్డం పెట్టుకుని కంప్యూటర్‌లోకి దూరే లోపం బయటపడితే హడావుడిగా అప్‌డేట్ ఇచ్చారు, ఫాంట్లు తీసేసుకోండి అని ఊరుకోలేదు గదా.

ఒంగోలు ఆఫ్‌సెట్:
వాదన తర్వాత, ముందు ఇది చూడండి. అదే ఫాంట్ వేరే ప్రోగ్రాంలో పెట్టండి, ఆడా మూతపడితే ఫాంట్‌ని అనుమానించాల. లేదంటే కొత్త ఫైల్లో ఒక్క పేరా వేసి మార్చి చూడండి.

నెల్లూరు డీటీపీ:
చూశా అన్నా. వేరే ప్రోగ్రాంలో శుభ్రంగా వస్తా ఉంది, దీన్లో కొత్త ఫైల్లో ఒక్క పేరాకి మార్చినా పడిపోతా ఉంది. ఆ ఫైలూ ఫాంటూ రెండూ కంపెనీకి పంపుతా ఉండా, ఈసారి ఫాంట్ తీసేయమంటే ఊరుకునేది లేదు.

కావలి శుభలేఖలు:
పంపు అన్నా, పంపాల్సిందే. డూప్లికేట్ ఫాంట్లు కూడా తీసేసి ఇంకోసారి చూసి పంపు, లేకపోతే వాళ్ళు మళ్ళీ దాన్నే పట్టుకుంటారు.