చిన్న ముత్యపు చిప్పలు ఒకే జాతా, మూడు జాతులా?

ప్రశ్న:
పింక్టాడా ప్రజాతిలోని చిన్న ముత్యపు చిప్పలను కొందరు ఇంబ్రికేటా, రేడియేటా, ఫ్యుకేటా అనే మూడు జాతులుగా లెక్కిస్తుండగా, మరికొందరు మూడూ ఒకే జాతికి చెందిన ఉపజాతులని వాదిస్తున్నారు. ఏ వాదానికి బలముందో ఆధారాలతో చెప్పగలరు.

మొదటి సమాధానం:
మూడింటినీ వేరుగానే ఉంచాలి. ఇంబ్రికేటా అనే పేరు 1798లో, రేడియేటా 1814లో, ఫ్యుకేటా 1850లో వచ్చాయి. మొదటిది అట్లాంటిక్ పడమటి తీరానిది, రెండవది ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్‌లది, మూడవది భారత్, శ్రీలంకల మధ్యనున్న మన్నార్ సింధుశాఖ నుంచి జపాన్ దాకా ముత్యాల సేకరణకు ఆధారమైనది. కలిపేస్తే పాత రచనల్లో ఏ చిప్ప గురించి రాశారో పోల్చుకోవడం కష్టమవుతుంది.

రెండవ సమాధానం:
పై సభ్యుల ఆందోళన న్యాయమైనదే గాని, పేరు పాతదైనంత మాత్రాన జాతి వేరని రుజువు కాదు. ఆ పేర్లు ప్రధానంగా చిప్పల రూపాన్ని బట్టి పెట్టినవి. ఆ రూపమేమో నిలకడ లేనిది. చిప్ప రంగు, చారలు, చిప్ప గుంట ఎంత లోతన్నది, ఇవన్నీ పరిసరాలను బట్టి మారతాయి. అంచున వరుసలుగా పొడుచుకువచ్చే పలుచని పొలుసులు రాపిడికి అరిగిపోతే అదే జీవి మరో జాతిదా అన్నట్లు కనిపిస్తుంది. కీలు దగ్గరి చిన్న దంతాలు మార్గరిటిఫెరా, మాక్సిమా వంటి దంతాలు లేని పెద్ద చిప్పల నుంచి ఈ గుంపును విడదీయడానికి పనికివస్తాయే తప్ప, గుంపులోని వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయడానికి చాలవు.

రేడియేటా, ఫ్యుకేటాల మధ్య జన్యుపరమైన తేడా స్వల్పమే. డింభకాలు (గుడ్ల నుంచి వచ్చే పిల్ల జీవులు) ఒకచోట స్థిరపడే ముందు వారాల తరబడి నీటిలో తేలుతూ ప్రవాహాలతో సాగుతాయి కనుక హిందూ మహాసముద్రం పొడవునా కలయికకు దారి ఉంది. ఈ వ్యాప్తికి ఒక ఉదాహరణ: 1869లో సూయజ్ కాలువ తెరిచాక, ఆ శతాబ్దం ముగియకముందే రేడియేటా మధ్యధరా సముద్రానికి చేరింది.

ఇంబ్రికేటా సంగతి మాత్రం వేరు. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే సన్నని నేల, పనామా భూసంధి, ఏర్పడి సుమారు 30 లక్షల సంవత్సరాలైంది. దానితో పసిఫిక్ వైపు నుంచి దారి మూసుకుపోయాక అట్లాంటిక్ చిప్పలు చాలాకాలం విడిగా పెరిగాయి. అందువల్ల మూడింటినీ ఒక్క గాటన కట్టడం తొందరపాటని నా దృఢమైన అభిప్రాయం. రేడియేటా, ఫ్యుకేటాలను కలిపి, ఇంబ్రికేటాను విడిగా ఉంచాలి. అప్పుడు ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నామకరణ నియమం ప్రకారం 1814 నాటి రేడియేటా పేరే నిలుస్తుంది. ఫ్యుకేటా ఉపజాతి పేరుగా కొనసాగుతుంది కనుక పాత రచనల్లోని చిప్పను గుర్తించడానికి ఇబ్బంది ఉండదు.