1962 జకార్తా ఫైనల్ గురించి పాత తెలుగు పేపర్లు ఎక్కడ దొరుకుతాయండీ?

నమస్కారమండీ, చెన్నైలో ఉంటాను. 1962 ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచిన తీరు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు చెప్పాలనుంది. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే సెప్టెంబరు 4న ఫైనల్లో 2-1తో కొట్టారు! స్టేడియమంతా మనకి వ్యతిరేకం. తలకి కుట్లతోనే ఆడి జర్నైల్ సింగ్ గోల్ వేశాడు. జట్టును తీర్చిదిద్దింది మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. అప్పటికే క్యాన్సర్, మరుసటి ఏడే పోయారు. అలాంటి మనిషి గురించి తెలుగులో ఇంత తక్కువ దొరకడం బాధగా ఉంది.

అప్పటి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంచికలు ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో చూడనిస్తారా? ముందే అనుమతి తీసుకోవాలా? ఇంట్లో పేపర్ కటింగ్‌లు దాచుకున్నవాళ్లుంటే ఫొటో తీసి పంపగలరా?