క్యాబిన్ హీటర్ కోసం కూలెంట్ ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ తిరిగి కలపాలి?

ప్రశ్న

నా ఆఫ్‌రోడ్ వాహనంలో ఇంజన్ సీట్ల వెనుక, రేడియేటర్ ముందు భాగంలో ఉన్నాయి. రెండింటినీ కలిపే పైపులు ఫ్లోరు కింద నుంచి వెళతాయి. ముందు అద్దం, తలుపులు బిగించి క్యాబిన్‌ను మూసిన తరువాత, చలిలో అద్దం లోపలివైపు ఆవిరి పట్టి దారి సరిగా కనబడడం లేదు. అందుచేత ఇంజన్ కూలెంట్‌తో (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవంతో) పనిచేసే హీటర్ ఒకటి డ్యాష్‌బోర్డు కింద అమర్చదలచాను. రేడియేటర్‌కు వెళ్ళే వేడి హోసు అక్కడికి బాగా దగ్గరలో ఉంది కాబట్టి, దాని మీదే జానెడు దూరంలో రెండు టీలు (T ఆకారంలో మూడు నోళ్ళున్న జోడింపు ముక్కలు) పెట్టి, ఒకదాని నుంచి హీటర్‌కు తీసుకొని రెండోదానిలో తిరిగి కలిపితే సరిపోతుందా? దీనివల్ల ఇంజన్ చల్లబడే తీరుకు ఇబ్బంది ఏమైనా వస్తుందా?

మొదటి సమాధానం

మీరు అనుకున్న పద్ధతిలో ఇంజన్‌కు ఇబ్బంది రాదు గాని, హీటర్ దాదాపు పనిచేయదు. కూలెంట్ ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి పారుతుంది. ఒకే హోసు మీద జానెడు దూరంలో ఉన్న రెండు టీల మధ్య చెప్పుకోదగిన తేడా ఉండదు గనుక, అది వెడల్పాటి దారిలోనే నేరుగా రేడియేటర్‌కు వెళ్ళిపోతుంది, హీటర్ కోర్‌లోకి (హీటర్ లోపల కూలెంట్ పారే సన్న గొట్టాల భాగంలోకి) చేరిన కాస్త ద్రవం అక్కడే నిలిచి చల్లారిపోతుంది. గొట్టం ఎంత దగ్గరగా ఉందన్న దానికంటే, పంపు ఎక్కడ నెడుతోంది, ఎక్కడ పీల్చుకుంటోంది అన్నది ముందుగా చూడవలసిన విషయం.

కార్లలో మామూలుగా సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) దగ్గర, థర్మోస్టాట్‌కు (కూలెంట్ వేడెక్కాక తెరుచుకొని రేడియేటర్ దారి వదిలే వాల్వుకు) ముందే, వేడి కూలెంట్‌ను తీసుకొని, హీటర్ నుంచి వచ్చినదాన్ని వాటర్ పంపు పీల్చే వైపున కలుపుతారు. చాలా థర్మోస్టాట్‌లు సుమారు 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవడం మొదలుపెడతాయి. ఇలా కలిపితే అంతవరకు ఆగకుండా, ఇంజన్ వేడెక్కుతున్న కొద్దీ హీటర్‌కు కూడా వేడి అందుతుంది. మీ వాహనంలో ఇందుకోసం రెండు హోసులను వెనుక నుంచి ముందుకు లాగవలసి వస్తుంది. శ్రమ ఎక్కువే అయినా, ఇంజన్ హెడ్ మీద వాడకుండా బిరడాతో మూసి ఉంచిన రంధ్రం దొరికితే నేను ఈ దారినే ఎంచుకుంటాను. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ బయటికి వెళ్ళే దారిలో కాక, పంపులోకి వచ్చే దారిలో ఉంటుంది. అలాంటప్పుడు హీటర్ నుంచి వచ్చే హోసు థర్మోస్టాట్‌కూ పంపుకూ మధ్యనే కలవాలి, లేకపోతే అది మూసుకుని ఉన్నంతసేపూ ప్రవాహం ఆగిపోతుంది.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ముందు భాగంలోనే పని ముగించాలనుకునేవారికి ఉన్న దారి కూడా చెబుతాను. రేడియేటర్‌లోకి వెళ్ళే హోసు నుంచి తీసుకొని, రేడియేటర్ నుంచి బయటికి వచ్చే హోసులో కలపవచ్చునని కొందరు అంటారు. అక్కడ ఒత్తిడిలో తేడా ఉన్న మాట నిజమే గాని, తీవ్రమైన చలిలో థర్మోస్టాట్ కొద్దిగానే తెరుచుకుంటుంది కాబట్టి, వచ్చే కొద్దిపాటి వేడి ద్రవంలో ఎక్కువ భాగం రేడియేటరే తీసుకుంటుంది. హీటర్ అవసరం ఎక్కువగా ఉన్న రోజునే దానికి అందేది తక్కువ.

దానికంటే, రేడియేటర్‌కు వెళ్ళే వేడి హోసును పూర్తిగా కోసి, ద్రవమంతా ముందు హీటర్ కోర్ గుండా వెళ్ళి ఆ తరువాతే రేడియేటర్‌కు చేరేలా అమర్చడం మేలు. అయితే హీటర్ హోసు లోపలి వ్యాసం సాధారణంగా 16 లేదా 19 మిల్లీమీటర్లే ఉంటుంది, రేడియేటర్ హోసు అంతకంటే వెడల్పుగా ఉంటుంది. ఇంజన్ మీద పూర్తి భారం పడినప్పుడు ఈ ఇరుకు దారి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. అందుచేత హీటర్‌ను దాటవేసే వాల్వు తప్పనిసరిగా ఉండాలి. చలి తగ్గగానే దానిని తిప్పి, కూలెంట్‌ను పాత దారిలోకి మళ్ళించాలి.

ఎంత వేడి వస్తుందో లెక్క వేసుకోవచ్చు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) ఉన్న కూలెంట్ నిమిషానికి 5 లీటర్లు కోర్ గుండా పారి, 10 డిగ్రీలు చల్లబడి బయటికి వస్తే, క్యాబిన్‌కు సుమారు 3 కిలోవాట్ల వేడి అందుతుంది. చిన్న క్యాబిన్‌కు అది బాగా సరిపోతుంది.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. వెనుక నుంచి రెండు హోసులు లాగే పద్ధతికే మొగ్గుతున్నాను. హీటర్ కోర్ రేడియేటర్ మూత కంటే కాస్త ఎత్తులో వస్తుంది. గాలి తీయడం కష్టమవుతుందా? తగ్గిన కూలెంట్‌కు బదులు నీళ్ళు పోసుకోవచ్చా?

మూడవ సమాధానం

కోర్ ఎత్తులో ఉంటే గాలి అక్కడే చేరి చిక్కుకుంటుంది. డ్యాష్‌బోర్డు వెనుక గుడగుడ శబ్దం రావడం, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు చల్లగాలి వచ్చి వేగం పెంచగానే వెచ్చబడడం, గేజు ముల్లు ఊరికే పైకీ కిందికీ ఊగడం దాని గుర్తులు. గేజు ఊగితే నిర్లక్ష్యం చేయకండి, ఎందుకంటే సెన్సర్ చుట్టూ ద్రవానికి బదులు గాలి ఉంటే ఇంజన్ మరీ వేడెక్కినా ముల్లు తక్కువే చూపవచ్చు. హీటర్ హోసుల్లో అన్నిటికంటే ఎత్తయిన చోట గాలి తీసే స్క్రూ ఉన్న టీ ఒకటి పెట్టండి. వాహనం ముందు భాగాన్ని ఎత్తులో నిలిపి, హీటర్ వాల్వు పూర్తిగా తెరిచి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే నింపడం మొదలుపెట్టండి. స్క్రూ దగ్గర మొదట బుస్సుమంటూ గాలి, తరువాత నురుగు, ఆ తరువాత బుడగ లేని ధార వస్తుంది. ధార నిలకడగా వచ్చేదాకా స్క్రూ మూయవద్దు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూతనూ స్క్రూనూ ముట్టుకోకండి. లోపల ఒత్తిడి ఉంటుంది కనుక కూలెంట్ ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది.

ఉత్త నీళ్ళు పోయడం మంచిది కాదు. 16 మిల్లీమీటర్ల హోసు మీటరుకు సుమారు 0.2 లీటర్లు పడుతుంది. కోర్‌తో కలిపి ఒక లీటరు అదనంగా పడుతుందనుకుందాం. అసలు 4 లీటర్ల వ్యవస్థలో సగం గ్లైకాల్ ఉంటే, ఆ లీటరు నీళ్ళతో అది 40 శాతానికి పడిపోతుంది, గడ్డకట్టే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 37 నుంచి మైనస్ 24 డిగ్రీల దగ్గరికి వస్తుంది. తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు కూడా అదే పాళ్ళలో పలచబడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో అదే రకం కూలెంట్‌ను అదే నిష్పత్తిలో కలిపి పోయండి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారిన తరువాత మట్టం మళ్ళీ చూడండి. కింద కారిన కూలెంట్‌ను వెంటనే తుడిచేయండి. గ్లైకాల్ తియ్యగా ఉండడం వల్ల జంతువులు నాకుతాయి, అది వాటికి విషం.

మొదటి సమాధానం రాసినవారు మళ్ళీ

హోసుల గురించి ఒక మాట చెప్పడం మిగిలిపోయింది. పెట్రోలు హోసులు కాకుండా, కూలెంట్ కోసమే తయారైన ఈపీడీఎం రబ్బరు హోసులు వాడండి. రేకులో రంధ్రం గుండా దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకపోతే, కుదుపులకు రేకు అంచు హోసును నెమ్మదిగా కోసేస్తుంది. ఆ హోసు మీ కాళ్ళ పక్కనే ఉంటుందని మరవకండి. సైలెన్సర్ పైపుకూ, తిరిగే షాఫ్టుకూ దూరంగా ఉంచి, మధ్యమధ్య పట్టీలతో బిగించండి. ఇంజన్ దగ్గర, చేతికి అందేచోట, ఒక్కో హోసుకూ ఒక్కో వాల్వు పెట్టుకుంటే, లోపల ఎక్కడైనా కారినప్పుడు రెండింటినీ మూసి ఇంటికి చేరవచ్చు. ఎండాకాలంలో కూడా వాటిని మూసి ఉంచండి. హీటర్ ఫ్యాను ఆపినా వాల్వు తెరిచి ఉంటే, కొంత వేడి ద్రవం రేడియేటర్‌ను తప్పించుకొని నేరుగా పంపుకు చేరుతూనే ఉంటుంది.