కీ కనిపిస్తుంది కానీ చదవనివ్వదు: కీసీటీఎల్‌లో పర్మిషన్ డినైడ్

మిర్యాలగూడ మిల్లు:
అన్నలూ, మా రైస్ మిల్లు లెక్కల బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే స్క్రిప్ట్ ఉంది. పాస్‌వర్డ్ లినక్స్ కెర్నల్ కీరింగ్‌లో (రహస్యాలు దాచే చోటు), @యు అంటే నా యూజర్ కీరింగ్ కింద, ఒక కీగా పెట్టాను. ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి, లాగిన్ అయి నడిపితే బాగానే నడుస్తుంది. దానంతట అదే నడిచేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెడితే మాత్రం పర్మిషన్ డినైడ్. యూజర్ ఒకరే! కీలను చూసే కమాండ్ కీసీటీఎల్‌తో ‘కీసీటీఎల్ లిస్ట్ @యు’ కొడితే కీ కనిపిస్తోంది, ‘కీసీటీఎల్ రీడ్’ దగ్గర ఆగిపోతోంది. వడ్ల సీజన్, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు అడ్మిన్:
‘కీసీటీఎల్ డిస్క్రైబ్’ కొట్టి చూడు తమ్ముడూ, 3ఎఫ్010000 అన్న అర్థం వచ్చే పర్మిషన్లు కనిపిస్తాయి. మొదటి 3ఎఫ్ పొసెసర్‌కు, అంటే తమ కీరింగ్‌ల ద్వారా కీ ఎవరి చేతికి అందుతుందో వాళ్లకు: అన్ని హక్కులూ. తర్వాతి 01 అదే యూఐడీ (యూజర్ నంబర్) ఉన్నవాళ్లకు: చూడటం వరకే. సిస్టమ్‌డీ ప్రతి సర్వీసుకూ మామూలుగా కొత్త సెషన్ కీరింగ్ (@ఎస్) ఇస్తుంది, దానికి @యు లింక్ ఉండదు. కాబట్టి నీ సర్వీసు యజమానే కానీ పొసెసర్ కాదు. ఇక్కడ రూట్‌కు కూడా మినహాయింపు లేదు. స్క్రిప్ట్ మొదట్లో ‘కీసీటీఎల్ లింక్ @యు @ఎస్’ పెట్టు, లేదా సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైల్‌లో కీరింగ్‌మోడ్=షేర్డ్ అని రాయి.

నకిరేకల్ నెట్:
నేనైతే పర్మిషన్లు మార్చే ‘కీసీటీఎల్ సెట్‌పర్మ్’తో 0ఎక్స్3ఎఫ్3ఎఫ్0000 ఇచ్చేస్తాను, అదే యూఐడీకి కూడా అన్ని హక్కులూ వస్తాయి. ఒక్క లైనుతో పని అయిపోతుంది.

పాలమూరు అడ్మిన్:
అయిపోతుంది, కానీ ఆ యూజర్ కింద నడిచే ప్రతి ప్రోగ్రామూ కీని చదవగలదు. మిల్లు లెక్కలకు అది వద్దు, దయచేసి.

జడ్చర్ల డాకర్:
డాకర్ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచి నడిపే పెట్టెలో, నడిపేవాళ్లు గమనించండి. అక్కడ ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వస్తే గొడవ కీ పర్మిషన్లది కాకపోవచ్చు. కెర్నల్‌కు వెళ్లే కాల్స్‌ను వడకట్టే డాకర్ డిఫాల్ట్ సెక్‌కాంప్ ప్రొఫైలే యాడ్_కీ, కీసీటీఎల్ కాల్స్‌ను ఆపేస్తుంది. కీరింగ్‌లు కంటైనర్ల మధ్య పూర్తిగా విడిగా ఉండవు కాబట్టి ఆపడమే మంచిది. కీ పని కంటైనర్ బయట, అసలు మెషీన్ (హోస్ట్) మీదే కానివ్వండి.

మిర్యాలగూడ మిల్లు:
లింక్ లైను పెట్టాక పగలు నడిచింది అన్నా. రాత్రి మాత్రం ‘రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్’ అంటోంది.

పాలమూరు అడ్మిన్:
ఇది వేరే సమస్య. నువ్వు లాగౌట్ అయ్యాక ఆ యూజర్ ప్రాసెస్‌లు ఒక్కటీ మిగలకపోతే @యు కీరింగే పోవచ్చు, దాంతోపాటు కీ కూడా. సర్వీసు మొదలయ్యేటప్పుడే, రూట్ మాత్రమే చదవగల ఫైల్ నుంచి, యూనిట్ ఫైల్‌లోని లోడ్‌క్రెడెన్షియల్ సెట్టింగ్‌తో పాస్‌వర్డ్ అందించు. కీరింగ్ అవసరమే ఉండదు.

మిర్యాలగూడ మిల్లు:
అలాగే మార్చాను. రాత్రి బ్యాకప్ పూర్తయింది, తీసి చూస్తే ఫైల్ తెరుచుకుంది. చాలా థ్యాంక్స్ అన్నా.