శాస్త్రోక్తంగా, శాస్త్రీయంగా, శాస్త్రానికి

(విజయవాడ నుంచి, చర్చ ప్రారంభించిన సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. రాకెట్ ప్రయోగం జరగబోయే ప్రతిసారీ మన పత్రికల్లో ఇంచుమించు ఒకే తీరున కనబడే వాక్యం ఒకటుంది: ఇస్రో శాస్త్రవేత్తలు ప్రయోగ నమూనాను స్వామివారి సన్నిధిలో ఉంచి శాస్త్రోక్తంగా పూజలు జరిపించారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 నింగికెగసింది. దానికి ముందు నమూనాతో శాస్త్రవేత్తల బృందం తిరుమల వెళ్లినప్పుడూ, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలో పూజలు జరిగినప్పుడూ ఈ తరహా వాక్యాలే చదివాం. ఆ పూజ చేయవచ్చునా, కూడదా అన్న తగవును ఇక్కడికి తేదలచుకోలేదు; నా సందేహం వాక్యం గురించే. అందులో శాస్త్రం రెండుసార్లు వచ్చింది. మొదటిది ప్రయోగశాలది, రెండవది ఆగమానిది. ఒకే పేరుగల ఇద్దరు ఒకే బల్లమీద కూర్చున్నా తెలుగు పాఠకుడు ఎవరు ఎవరో ఇట్టే పోల్చుకుంటాడు. ఎలా పోల్చుకుంటున్నాడు?

ధాతువు దగ్గర మొదలుపెడతాను. శాస్త్రానికి మూలం ‘శాస్’, అంటే ఆజ్ఞాపించడం, బోధించడం, అదుపులో ఉంచడం. శాసనం, అనుశాసనం, చివరకు శిష్యుడు కూడా ఆ కుదురులోని వాళ్లే. చెప్పవలసినవాడు చెప్పాడు, విన్నవాడు పాటించాలి అన్న భావం ఆ మాటలోనే ఉంది. సైన్సుకు మూలమైన లాటిను ధాతువుకు అర్థం తెలుసుకోవడం. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం అని పేర్లు పెట్టిన మన పెద్దలు, పెద్దలు చెప్పినదాన్ని సైతం మళ్లీ తూచి చూడటమే పనిగా పెట్టుకున్న విద్యకు, శాసించే మాటను తొడిగారన్నమాట. వేరే దారి లేకపోలేదు. మన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో పెట్టిన ప్రచురణ సంస్థకు విజ్ఞాన చంద్రికా మండలి అని పేరు పెట్టారు. అయితే విజ్ఞానం కూడా ఏ ముద్రా లేని మాట కాదు, భగవద్గీత ఏడవ అధ్యాయం పేరే జ్ఞానవిజ్ఞాన యోగం. ఎటూ తేలక కాబోలు, ఆ తర్వాతివారు రెండింటినీ ముడివేసి విజ్ఞానశాస్త్రం అనేశారు.

మూలపదం విడదీయలేని పనిని వెనక చేరిన ముక్కలు చేస్తున్నాయని నా అభిప్రాయం. శాస్త్రోక్తం అంటే శాస్త్రంలో చెప్పబడినది; ‘ఉక్తం’ రాగానే చెప్పినవాడొకడు ఉన్నాడని, ఆ మాట పూర్తయిందని అర్థమవుతుంది. శాస్త్రీయం అంటే శాస్త్రానికి చెందినదని మాత్రమే. వ్యాకరణం ఒప్పుకుంటే అది రెండువైపులా నడవాలి, కొంతవరకు నడుస్తోంది కూడా: శాస్త్రీయ నృత్యం అన్నప్పుడు కూచిపూడిని ఎవరూ ప్రయోగశాలలో పరీక్షించరు. కానీ 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం పౌరుడి ప్రాథమిక విధులలో చెప్పిన గుణాన్ని శాస్త్రీయ దృక్పథం అని తెలుగు చేసుకున్నాక, ఈ మాట సైన్సు వైపు బాగా ఒరిగింది. ఇప్పుడు పూజను ‘శాస్త్రీయంగా’ చేశామని ఎవరూ రాయరు, పరిశోధనను ‘శాస్త్రోక్తంగా’ చేశామంటే నవ్వుతారు.

మూడవది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ‘శాస్త్రానికి’. గత ఏడాది మా అన్నయ్య గుంటూరు శివార్లలో ఇంటికి శంకుస్థాపన చేశాడు. నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. కాబట్టి అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పు చేసిన పునాది స్తంభాలు, వేయక తప్పదని ఇంజనీరు ముందే చెప్పాడు. పురోహితుడు గారు ఈశాన్యం మూల సరిగ్గా ఎక్కడో చూడమని ఆ ఇంజనీరు ఫోనులోని దిక్సూచినే అడిగి తీసుకున్నారు. మా అమ్మ మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేవలేక, “శాస్త్రానికి నా చేత నాలుగు అక్షింతలు వేయించండి, చాలు” అంది. ఇక్కడ శాస్త్రం ఆజ్ఞా కాదు, పరీక్షా కాదు. పూర్తిగా చేయలేనిదాన్ని పూర్తిగా వదలకుండా ఉండటానికి చాలినంత చేయడం. శాసించే మాటకు ‘కి’ విభక్తి తగిలించి ఇంత సడలింపు సంపాదించిన భాష మీద నాకు గౌరవం పెరిగింది.

అయితే ఈ ఒక్క మాట అడ్డుపెట్టుకుని కొందరు చేసే వాదం నాకు నచ్చదు. వాస్తు పేరులోనే శాస్త్రం ఉంది కాబట్టి అది శాస్త్రీయమేనంటారు. మాటలోని రెండర్థాలలో ఒకటి చూపించి రెండవది చేతిలో పెట్టడం అది. పాకశాస్త్రం, సాంఘిక శాస్త్రం అన్నప్పుడు లేని పట్టుదల అక్కడెందుకో. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

(గుంటూరు నుంచి ఒక సభ్యురాలు)

అయ్యా, మీరు త్రాసులో ఒక తట్టనే చూశారు. రెండవ తట్టలోని మాట ఇంతకన్నా చిక్కైనది. నమ్మకం, విశ్వాసం, భక్తి, ఈ మూడింటిలో సైన్సుకు ఎదురుగా దేన్ని నిలబెడతారు? నేను క్రైస్తవ కుటుంబంలో పెరిగాను. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరుకు వచ్చిన నాటినుంచి ఈ ప్రాంతపు సంఘాలలో వాడుకైన మాట విశ్వాసం. సంఘంలో ఉన్నవారిని విశ్వాసులు అంటాం. అదే మాటను మా వీధిలో కుక్క గురించి వాడితే దాని అర్థం కృతజ్ఞత. నమ్మకం మాటకొస్తే, అది అప్పిచ్చేవాడికీ, పాలు పోసేవాడికీ, దేవుడికీ సమానంగా చెందుతుంది.

సాధారణంగా సైన్సుకు రుజువు కావాలి, విశ్వాసానికి అక్కరలేదు అంటారు. కానీ తెలుగు బైబిలులో హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం మొదటి వచనం తీసి చూడండి. అక్కడ విశ్వాసాన్ని నిర్వచిస్తూ, అదృశ్యమైనవి ఉన్నాయనడానికి అదే ‘రుజువు’ అన్నారు. అనువాదకులు రుజువును విశ్వాసానికి బయట ఉంచలేదు, విశ్వాసమే రుజువన్నారు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఈ వచనం కంఠస్థం చేసి, సోమవారం లెక్కల తరగతిలో ‘రుజువు చేయుము’ అన్న ప్రశ్న చూసి, రెండూ ఒకే మాట ఎలా అయ్యాయని మా మాస్టారిని అడిగాను. ఆయన హిందువు, నెమ్మదస్తుడు. “అక్కడ నీకు నువ్వు ఇచ్చుకుంటావు, ఇక్కడ నాకు ఇవ్వాలి” అని సుద్దముక్క చేతిలో పెట్టారు. ముప్పై ఏళ్లుగా తరగతిలో పాఠం చెబుతున్నా, ఇంతకన్నా మంచి తేడా నేను చెప్పలేకపోయాను.

(విజయవాడ నుంచి మరో సభ్యుడు)

రెండు శాస్త్రాలు వేర్వేరు ఇళ్లలో ఉన్నాయని ప్రారంభించినవారు అనుకుంటున్నట్టుంది. జ్యోతిశ్శాస్త్రంలో అవి ఒకే ఇంట్లో ఉన్నాయి. సిద్ధాంతం, సంహిత, హోర అని దానికి మూడు స్కంధాలు, అంటే విభాగాలు. గ్రహగతుల లెక్కలన్నీ సిద్ధాంతంలోవి. శకునాలు, జాతక ఫలాలు తక్కిన రెండింటిలోవి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది కదా, పట్టు 9:57కు, విడుపు తెల్లవారితే 8వ తేదీ అనగా 1:26కు. సత్యనారాయణపురంలో మా మేడమీద మబ్బుల సందున మనవడితో కలిసి చూస్తే, చంద్రుడి అంచు పంచాంగం చెప్పిన వేళకే నల్లబడింది. లెక్క తప్పితే వాడే పట్టుకునేవాడు. అదే పంచాంగం పక్క పేజీలో ఏ రాశికి ఏ ఫలమో రాసి ఉంది, దాన్ని పట్టుకోవడానికి మేడలో ఏ అంతస్తు ఎక్కాలో నాకు తెలియలేదు.

చంద్రుడు సూర్యుణ్ణి, భూమి పెద్దనీడ చంద్రుణ్ణి కప్పుతాయని 499 నాటి ఆర్యభటీయంలోనే స్పష్టంగా ఉంది. అయినా ‘గ్రహణం’ అనే మాటకు అర్థం పట్టుకోవడమే. తెలుగులో ‘పట్టు, విడుపు’ అంటూనే ఉన్నాం. మాటలో రాహువు ఉన్నాడు, లెక్కలో నీడ ఉంది. ఆ మాట వాడినంత మాత్రాన నీడను కాదన్నట్టు కాదు గనుక, మాటలను కడిగి శుభ్రం చేయాలనే ఉద్యమాలకు నేను దూరం.

(తెలంగాణకు చెందిన ఒక సభ్యుడు)

మావైపు సామెతను శాత్రం అంటారు. ‘శాత్రం చెప్పినట్టు’ అని ముందుగా అనేసి సామెత అందుకుంటారు. మీ మూడింటికి ఇది నాలుగవది.

(చర్చ ప్రారంభించిన సభ్యుడు)

అందరికీ కృతజ్ఞతలు. శాత్రం సంగతి నాకు బాగా ఉపకరించింది. చెప్పినవాడెవరో తెలియకపోయినా చెల్లుబాటయ్యేది సామెత. అక్కడికి చేరిందంటే శాస్త్రం ఎంత దూరం నడిచిందో చూడండి.

మీరు రాసినవి చదివాక, నామపదం కన్నా దానితో వచ్చే క్రియను గమనించాలని తోచింది. శాస్త్రం ‘చెబుతుంది’. సైన్సు ‘కనుక్కుంటుంది’, ‘తేలుస్తుంది’. ఈమధ్య మాత్రం సైన్సు కూడా చెప్పడం మొదలుపెట్టింది. పెరుగులో ఉప్పు వేసుకోకూడదని సైన్సు చెప్పిందంటూ ఫోనులో సందేశాలు వస్తున్నాయి. ఎవరు, ఎప్పుడు, ఎలా తేల్చారో ఉండదు. పేరు సైన్సే, నడక మాత్రం శాస్త్రోక్తం! వాస్తువారిని తప్పుపట్టిన నేను ఈ రెండవ రకాన్ని మరచిపోయాను. గణితం మాస్టారి సుద్దముక్క దీనికీ వర్తిస్తుంది.

పత్రికవాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదని నా నిర్ణయం. అన్నయ్య ఇంటి పని నడుస్తున్నప్పుడు వంటగది గోడ దగ్గర ఆగిన తాపీమేస్త్రీ, “బాబూ, ఇది శాస్త్రం ప్రకారం కట్టాలా, ప్లాను ప్రకారం కట్టాలా?” అని అడిగాడు. అతనికి రెండూ వేర్వేరని ఎవరూ నేర్పలేదు. గోడ ప్లాను ప్రకారమే కట్టించాం. పొయ్యి మాత్రం శాస్త్రానికి ఆగ్నేయంలో పెట్టాం.