బండ్లకు కొట్టే డ్యూకో రంగుతో వేసిన పాత చిత్రం పెచ్చులూడుతోంది, కాపాడే దారి చెప్పగలరా?

చిత్తూరులో లారీలకు రంగులు వేసిన మా నాన్నగారు, ఎమర్జెన్సీ నడుస్తున్న 1976లో ప్లైవుడ్ పలక మీద వేసిన చిత్రం ఒకటి ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ఉంది. నోటికి తాళం పడిన మనిషి ముఖం, వెనుక మంటలు. బ్రష్షు వాడింది తక్కువ. స్ప్రే గన్‌తో కొట్టి, డబ్బాలోంచి రంగును ధారగా పోసి, తడి ఆరకముందే ఇసుక చల్లారు.

మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్కులో ప్రయోగ కార్యశాల నడిపి, కార్లకు వేసే నైట్రోసెల్యులోజ్ లాకరును పోస్తూ, చిమ్ముతూ రాజకీయ చిత్రాలు వేశాడనీ, యువకుడైన జాక్సన్ పొలాక్ కూడా అక్కడ పనిచేశాడనీ ఈమధ్యే చదివాను. నాన్నగారికి ఆ పేర్లేవీ తెలియవు, షెడ్డులో చేతికందింది అదే రకం లాకరైన డ్యూకో, అంతే.

ఇప్పుడు తెలుపంతా పసుపుబారింది. గడ్డం దగ్గర రూపాయి బిళ్లంత మేర రంగు పెంకులా లేచి, వేలు తగిలితే రాలుతోంది. ఫ్రేములు కట్టే ఒకాయన థిన్నర్‌తో తుడిచి వార్నిష్ కొడతానన్నారు గానీ, ఈ రంగు థిన్నర్ ఆవిరై ఆరేదే కనుక, ఎన్నేళ్లయినా మళ్లీ థిన్నర్ తగిలితే కరుగుతుందన్న భయంతో నేను ఒప్పుకోలేదు.

లాకరును కరిగించకుండా పెంకులను అతికించే జిగురు ఏది? అద్దం బిగిస్తే మేలా, గాలి ఆడనివ్వాలా? ఇటువంటి చిత్రాలను బాగుచేసే నిపుణులు తిరుపతిలోగాని చెన్నైలోగాని ఉంటే దయచేసి తెలియజేయగలరు.